క్లోమమును చూచు సాధనములు

ఉదరమునందలి అవయవములలో వైద్యుని చేతికి గాని కంటికి గాని సులభముగా చిక్కనిది క్లోమము. కాలేయము పెరిగినచో కుడి ప్రక్కటెముకల క్రింద వ్రేళ్ళకు తగులును. ప్లీహము పెరిగినచో ఎడమవైపున తెలియును. మూత్రాశయము నిండినచో పొత్తికడుపుమీద వ్రేలితో తట్టి, శబ్దభేదమునుబట్టి గుర్తింపవచ్చును. క్లోమము మాత్రము జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు, ఉదరకుహరపు వెనుకగోడను ఆనుకొని దాగియుండును. అందుచేత దానికి వాపు వచ్చి రోగి భరింపరాని బాధ పడుచున్నను, ఆ బాధకు మూలమెక్కడనో చెప్పుట చాలకాలము వైద్యులకు కష్టముగనే ఉండెను. శస్త్రచికిత్సకై కడుపు తెరచినపుడో, మరణానంతర పరీక్షలోనో తప్ప ఆ వ్యాధి కంటబడెడిది కాదు.

గత అరువది సంవత్సరములలో ఈ స్థితి మారినది. క్లోమమును శరీరము వెలుపలినుండి చూపు సాధనములు నేడు అనేకము కలవు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండు, సి.టి. స్కాను, ఎం.ఆర్.ఐ., ఎండోస్కోపీతో కూడిన అల్ట్రాసౌండు అనునవి వానిలో ముఖ్యమైనవి. సాధనములు పెరిగినకొలది ఒక క్రొత్త చిక్కు వచ్చినది. వీనిలో ఏది ముందు? ఏది తరువాత? ఏది అనవసరము? పట్టణవాసికి ఇది కొంత ధనమునకు సంబంధించిన ప్రశ్న. వరంగల్లు నుండి ఖమ్మము పోవు దారిమీద నున్న మరిపెడ వంటి ఊరివారికి, చుట్టుప్రక్కల తండాలవారికి ఇది ధనముతోపాటు దూరమునకు, కాలమునకు కూడ సంబంధించినది. అర్ధరాత్రి వేళ నొప్పి వచ్చిన మనిషిని వాహనములో పడుకొనబెట్టిన తరువాత మహబూబాబాదు పోవలెనా, ఖమ్మము పోవలెనా, వరంగల్లు పోవలెనా, లేక పెద్ద యంత్రములున్న హైదరాబాదుకే నేరుగా పోవలెనా అని ఇంటివారు తటపటాయింతురు. ఆ సమయమున ఏ పరీక్ష దేనికో కొంత తెలిసియుండుట మేలు.

క్లోమము పొడవున సుమారు 15 సెంటీమీటర్లు. అనగా జానెడుకు లోపు. దాని తల కుడివైపున చిన్నప్రేవు మొదటి వంపులో ఇమిడియుండును. తోక ఎడమవైపున ప్లీహమువరకు సాగియుండును. దాని నడుమ ఒక నాళము పోవుచున్నది. 1642లో ఇటలీదేశపు పాదువా నగరమున విర్సుంగ్ అను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఈ నాళమును గుర్తించెను. కాలేయమునుండి వచ్చు పిత్తనాళమును, ఈ క్లోమనాళమును కలిసి సాధారణముగా ఒకే ద్వారమున చిన్నప్రేవులోనికి తెరచుకొనును. రెండు పిల్లకాలువలు కలిసి ఒకే తూములో పడినట్లు ఈ ఏర్పాటున్నది. ఆ తూమువద్ద ఒక చిన్నరాయి అడ్డుపడినచో రెండు కాలువలును ఎగదన్నును. క్లోమమునకు వచ్చు వ్యాధిలో అధికభాగము ఈ చిన్నద్వారముతో ముడిపడియున్నదని గుర్తుంచుకొనవలెను.

క్లోమము చేయు పనులు రెండు. రక్తములోనికి ఇన్సులిన్ మొదలైన రసములను వదలుట ఒకటి. ఆహారమునందలి మాంసకృత్తులను, క్రొవ్వును, పిండిపదార్థములను జీర్ణముచేయు రసములను ప్రేవులలోనికి పంపుట రెండవది. ఈ జీర్ణరసములు క్లోమములో ఉన్నంతవరకు నిద్రాణముగా నుండి, ప్రేవులలో ప్రవేశించిన తరువాతనే మేల్కొనవలెను. అవి ఏ కారణమువలననైన క్లోమములోనే మేల్కొన్నచో తమ్ము పుట్టించిన అవయవమునే అరిగించుట మొదలిడును. 1896లో హాన్స్ కియారి అను వైద్యుడు ఈ వ్యాధి స్వయముగా తన్ను తాను జీర్ణించుకొనుటయేనని వివరించెను. దీనినే క్లోమశోథము అందుము. శోథమనగా వాపు, మంట, నొప్పి కలిసిన స్థితి.

ఇది రెండు విధములు. అకస్మాత్తుగా వచ్చునది తీవ్రశోథము. సంవత్సరముల తరబడి లోలోపల సాగి అవయవమును గట్టిపరచి, కుదించి, అందు సున్నపురాళ్ళను పేర్చునది దీర్ఘశోథము. తీవ్రశోథమునకు ముఖ్యకారణములు పిత్తాశయమునందలి రాళ్ళు, మద్యపానము. రక్తములో ట్రైగ్లిజరైడు అను క్రొవ్వు వేయి మిల్లీగ్రాములు దాటుట, కొన్ని మందులు, ఉదరమునకు దెబ్బ తగులుట కూడ కారణములు కావచ్చును. పై కడుపున పుట్టిన నొప్పి వీపులోనికి దూసికొని పోవును. వెల్లకిల పడుకొన్నచో ఎక్కువయి, ముందుకు వంగి కూర్చున్నచో కొంత తగ్గును. వాంతులగును, వాంతియైనను బాధ శమింపదు. మన పల్లెలలో దీనిని గ్యాసనియు, వాతమనియు, అరగలేదనియు భావించి సోడా త్రాగించి, నొప్పిమందు సూదితో ఒక రాత్రి గడుపుట కలదు. వ్యాధి తేలికయైనచో అట్లు గడచిపోవును. కాని, నూటికి ఇరువది మందికి అది తేలికగా పోదు. వారికి మొదటి రెండు దినములలో సిరలద్వారా ఎక్కింపవలసిన ద్రవములు, ఊపిరితిత్తులపైన, మూత్రపిండములపైన ఉంచవలసిన నిఘా ప్రాణాధారములు.

ఇక పరీక్షల మాట. తీవ్రశోథమును నిర్ణయించుటకు ప్రపంచమందలి వైద్యులు అనుసరించు నియమమొకటి కలదు. అట్లాంటా నగరమున 1992లో ఏర్పరచి, 2012లో సవరించిన ఈ నియమము ప్రకారము మూడు గుర్తులలో రెండున్న చాలును. మొదటిది, పైన చెప్పిన లక్షణములు గల నొప్పి. రెండవది, రక్తములో లైపేజు గాని అమైలేజు గాని సహజమైన గరిష్ఠ పరిమాణమునకు మూడురెట్లయినను ఉండుట. మూడవది, చిత్రములో క్లోమశోథపు గుర్తులు కనబడుట. కనుక నొప్పియు, రక్తపరీక్షయు స్పష్టముగా నున్నచో వ్యాధి పేరు చెప్పుటకు పెద్ద స్కాను అక్కరయే లేదు. ఈ మాట చాలమందికి ఆశ్చర్యము కలిగించును. “స్కాను తీయక వ్యాధి ఎట్లు తెలియును?” అని అడుగుదురు. వైద్యుడు రక్తపరీక్షతో చికిత్స మొదలుపెట్టినచో నిర్లక్ష్యమని ఆరోపింతురు. నిజమునకు మొదటిదినమున ఒక చిన్నపట్టణపు ఆసుపత్రిలో లభించు లైపేజు పరీక్ష, అక్కడనే సెలైను ఎక్కించుట, దూరపు ఊరిలోని గొప్పయంత్రము కంటె ఎక్కువ మేలు చేయును.

అట్లయినచో చిత్రములెందుకు? వ్యాధి పేరు తెలిసిన తరువాత మరి మూడు ప్రశ్నలు మిగులును. ఇది ఎందుకు వచ్చినది? ఎంత నష్టము చేసినది? మరల రాకుండ ఏమి చేయవలెను? నొప్పియు రక్తపరీక్షయు సందేహము తీర్చనపుడు వ్యాధి ఇదియేనా అను నాలుగవ ప్రశ్న కూడ చేరును. ఒక్కొక్క సాధనము వీనిలో ఒక్కొక్క ప్రశ్నకు బాగుగా సమాధానము చెప్పును. అన్నింటికిని సమానముగా చెప్పగల సాధనము ఇంకను పుట్టలేదు. ఈ దృష్టితో వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ఎక్స్‌రే వీనిలో పెద్దది. 1895లో రాంట్‌జన్ కనుగొన్న కిరణములతో తీయబడునది. మెత్తని క్లోమము ఇందులో కనబడదు. ఐనను రెండు ఉపయోగములు కలవు. ప్రేవులకు రంధ్రము పడినపుడు వచ్చు నొప్పి క్లోమశోథపు నొప్పిని పోలియుండును. అట్టి సందర్భమున రోగిని నిలువబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఉదరవితానము క్రింద గాలి తరచుగా కనబడి, తక్షణమే శస్త్రచికిత్స కావలెనని హెచ్చరించును. దీర్ఘశోథములో క్లోమమునందు పేరుకొన్న సున్నపురాళ్ళు వెన్నెముక మీదుగా తెల్లని చుక్కలవలె కనబడుట కూడ కలదు. అంతకుమించి దీనినుండి ఆశింపరాదు.

రెండవది అల్ట్రాసౌండు. మనుష్యుని చెవి వినగల ధ్వనికంపనములు సెకనుకు ఇరువది వేలకు మించవు. ఉదరపరీక్షలో వాడు ధ్వని సెకనుకు ఇరువది లక్షలు మొదలు ఏబది లక్షల కంపనములు గలది. కొండ ఎదుట నిలిచి కేక వేసినచో ఆ కేక తిరిగివచ్చినట్లు, ఈ ధ్వని అవయవములను తాకి తిరిగివచ్చును. ఆ ప్రతిధ్వనులను యంత్రము బొమ్మగా మార్చును. ఇందులో హానికరమైన కిరణములు లేవు. గర్భిణికి, పసిబిడ్డకు కూడ చేయవచ్చును. యంత్రమును రోగి మంచమువద్దకే తీసికొని రావచ్చును. ఖర్చు తక్కువ.

కాని ధ్వనికి గాలి శత్రువు. ప్రేవులలో గాలి నిండియున్నచో ధ్వని అక్కడనే వెనుకకు మరలిపోయి, దాని వెనుకనున్న క్లోమమును చేరదు. క్లోమశోథము వచ్చినపుడు ప్రేవులు కదలక ఉబ్బియుండుటయే పరిపాటి. అనగా క్లోమమును చూడవలసిన వేళలోనే అది మరుగుపడుచున్నది. నలుగురిలో ఒకరికి, కొందరి అనుభవమున ఇద్దరికి కూడ, క్లోమము పూర్తిగా కనబడదు. “గాలివలన క్లోమము కనబడలేదు” అని పత్రములో వ్రాయబడినచో క్లోమము బాగుగనున్నదని అర్థము కాదు. చూచుటకు వీలుకాలేదని మాత్రమే అర్థము. ఈ భేదమును గ్రహింపక ఇంటికి తిరిగిపోయి, రెండు దినముల తరువాత ఆయాసముతో మరల వచ్చువారు కలరు.

ఇంత లోపమున్నను అల్ట్రాసౌండును ప్రతి రోగికి మొదటనే చేయవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కారణమేమనగా, క్లోమమును చూపలేని ఈ సాధనము పిత్తాశయమును చక్కగా చూపును. పిత్తాశయములోని రాళ్ళను కనిపెట్టుటలో సి.టి. కంటె ఇదియే మేలు. వ్యాధి ఎందుకు వచ్చినదను ప్రశ్నకు సగముమంది విషయములో సమాధానము ఇక్కడనే దొరకును. ఆ సమాధానపు విలువను ఒక పరిశోధన చూపినది. రాళ్ళవలన తేలికపాటి క్లోమశోథము వచ్చిన రోగులను నెదర్లాండ్సు వైద్యులు రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారికి అదే ఆసుపత్రివాసములో పిత్తాశయమును తీసివేసిరి. రెండవ వర్గమువారిని ఇంటికి పంపి కొన్ని వారముల తరువాత రమ్మనిరి. 2015లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, రాళ్ళ సంబంధమైన ఉపద్రవములు మొదటి వర్గమున నూటికి 5 మందికి, రెండవ వర్గమున నూటికి 17 మందికి కలిగినవి. పదునైదు నిమిషముల అల్ట్రాసౌండు చూపిన రాయిని పట్టించుకొని, దానికి తగిన శస్త్రచికిత్సను వాయిదా వేయకున్నచో తరువాతి దాడులు ఎన్నో తప్పును. నొప్పి తగ్గినదిగదా, మిరపకోతలు ముగిసిన తరువాత చూతమని ఇంటికి పోవుట మనవారిలో కలదు. ఆ వాయిదాయే ప్రమాదము.

మూడవది సి.టి. స్కాను. దీని పుట్టుక గ్రామఫోను రికార్డులు తయారుచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీలో జరిగినదన్న విషయము రేడియో శ్రోతలకు వినోదము గొలుపును. ఆ కంపెనీలోని ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు రూపొందించిన యంత్రముతో 1971లో లండను నగరమున తొలి రోగిని పరీక్షించిరి. ఇందుకు ఆయనకును, దీనికి గణితమును సమకూర్చిన అలన్ కార్మాక్‌కును 1979లో నోబెల్ బహుమానము లభించెను. ఎక్స్‌రే కిరణములను శరీరము చుట్టును త్రిప్పుచు ప్రసరింపజేసి, బయటికి వచ్చినవానిని లెక్కగట్టి, శరీరమును అడ్డుగా కోసిన పలుచని ముక్కలవలె చూపుట ఇందలి పద్ధతి. దీనికి గాలి అడ్డురాదు; స్థూలకాయము అడ్డురాదు. కొన్ని సెకనులలో పని ముగియును. క్లోమమును, దాని చుట్టునున్న క్రొవ్వును, ద్రవమును, రక్తనాళములను అన్నిటిని చూపును.

అయొడిను గల ద్రవమును సిరలోనికి ఎక్కించి తీసినపుడు దీని నిజమైన శక్తి తెలియును. రక్తము పారుచున్న క్లోమభాగము వెలుగును; రక్తప్రసారము నిలిచి చచ్చిపోయిన భాగము నల్లగా మిగులును. ఎంత నష్టము జరిగినదను ప్రశ్నకు ఇంతకుమించిన ప్రత్యక్షసాక్ష్యము లేదు. న్యూయార్కు వైద్యుడు బాల్తజార్, ఆయన సహచరులు 1985లో శోథమును అయిదు తరగతులుగా విభజించి, 1990లో నిర్జీవమైన భాగమును కూడ లెక్కించి పది మార్కుల కొలత ఏర్పరచిరి. వాపునకు నాలుగు వరకు, నిర్జీవభాగమునకు ఆరు వరకు మార్కులు. నేటికిని స్కాను పత్రములలో ఈ కొలత కనబడుచుండును.

ఐతే ఈ శక్తికి ఒక కాలనియమము కలదు. కణజాలము చచ్చుట ఒక్క గంటలో జరుగదు. జరిగినను వెంటనే చిత్రములో స్పష్టపడదు. నొప్పి మొదలైన 72 మొదలు 96 గంటల తరువాత తీసిన సి.టి. నష్టమును సరిగా చూపును. మొదటిదినమున తీసినది వ్యాధిని తక్కువగా చూపి, అందరిని మోసగింపవచ్చును. నాలుగవదినమున మరల తీయవలసియే వచ్చును. రెండు సి.టి.లకు రెండింతల కిరణములు, రెండింతల ఖర్చు. ఉదరమునకు ఒక సి.టి. తీసినపుడు శరీరమునకు చేరు కిరణపరిమాణము, ప్రకృతిసిద్ధముగా మనకు మూడు నాలుగు సంవత్సరములలో చేరుదానికి దాదాపు సమానము. అవసరమైనపుడు దీనికి భయపడరాదు, అనవసరముగా కోరరాదు. అయొడిను ద్రవమునకు పూర్వము మూత్రపిండముల పరీక్ష చూడవలెను. నీరు చాలక శరీరము ఎండియున్న మొదటిదినమున మూత్రపిండములు సున్నితముగా నుండుట కూడ తొందరపడకూడదనుటకు ఒక కారణము. మొదటిదినముననే సి.టి. తప్పనిసరియగు సందర్భములు లేకపోలేదు. నొప్పియు రక్తపరీక్షయు పొసగనపుడు, ప్రేవు రంధ్రము గాని రక్తనాళపు చీలిక గాని ఉన్నదేమోనని సందేహము కలిగినపుడు వైద్యుడు వెంటనే తీయించును. ఆ నిర్ణయము ఆయనది.

నాలుగవది ఎం.ఆర్.ఐ. దీనిని ఒకరకమైన రేడియో అని చెప్పినను తప్పులేదు. రోగిని బలమైన అయస్కాంతములో పరుండబెట్టుదురు. సామాన్యముగా వాడు అయస్కాంతము భూమి అయస్కాంతశక్తికి సుమారు ముప్పదివేల రెట్లుండును. పిదప సెకనుకు సుమారు ఆరుకోట్ల నలువది లక్షల కంపనములు గల రేడియో తరంగములను పంపుదురు. మన ఇండ్లలో ఎఫ్.ఎం. కేంద్రములు వినిపించు తరంగములకు ఇవి కొంచెము దిగువవి. శరీరములోని నీటియందలి హైడ్రోజను పరమాణువులు ఆ తరంగములను గ్రహించి తిరిగి ప్రసారము చేయును. యంత్రము వానిని విని బొమ్మ గీయును. ఇందుకు తోడ్పడిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డులకు 2003లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు.

నీటిని పట్టుకొనుటయే దీని విద్య కనుక, ద్రవము నిండిన నాళములు ఇందు తెల్లని కొమ్మలవలె ప్రకాశించును. 1991లో మొదలైన ఎం.ఆర్.సి.పి. అను పద్ధతి పిత్తనాళమును, క్లోమనాళమును ఈ విధముగా చూపును. అల్ట్రాసౌండుకు గాలిచాటున దాగిన పిత్తనాళపు చివరిరాయి ఇందులో నల్లని మచ్చగా తెలియును. కొన్ని వారముల తరువాత క్లోమముచుట్టు ద్రవము తిత్తిగా నిలిచినపుడు, అందులో నీరే ఉన్నదో, చచ్చిన కణజాలపు ముద్దలు కూడ ఉన్నవో సి.టి. కంటె ఇది స్పష్టముగా చెప్పును. నీరు సన్నని గొట్టముతో దిగిపోవును, ముద్దలు దిగవు. కనుక చికిత్స మారును. లోపములు కూడ కలవు. అరగంట, ముప్పాతిక గంట కదలక పరుండి, చెప్పినపుడెల్ల ఊపిరి బిగబట్టవలెను. తీవ్రమైన నొప్పితో ఆయాసపడు రోగికి ఇది సాధ్యము కాదు. పేస్‌మేకరు మొదలైన లోహసాధనములు శరీరములో నున్నవారు ముందుగా తెలుపవలెను. మూడు మిల్లీమీటర్లకు లోపు రాళ్ళు దీని కంటినుండి కూడ తప్పించుకొనవచ్చును.

అట్టి చిన్నరాళ్ళను పట్టుకొనునది అయిదవ సాధనము. నోటిద్వారా జీర్ణాశయములోనికి పంపు ఎండోస్కోపు గొట్టము చివర చిన్న అల్ట్రాసౌండు యంత్రమును అమర్చుదురు. జీర్ణాశయపు గోడకు ఆవలివైపుననే క్లోమము ఉండుటచేత, గాలి అడ్డము లేక, దూరము లేక బొమ్మ అతిస్పష్టముగా వచ్చును. 1980 ప్రాంతమున ఇది వాడుకలోనికి వచ్చినది. దీర్ఘశోథపు తొలిమార్పులను, మిల్లీమీటర్ల ప్రమాణముగల రాళ్ళను, చిన్నకంతులను ఇది చూపును. కారణము తెలియక తీవ్రశోథము వచ్చినవారికి, ముఖ్యముగా నలువదేండ్లు దాటినవారికి, క్లోమమున కంతి దాగియున్నదేమో చూచుటకు ఇది విలువైనది. దీనికి మత్తుమందు కావలెను; ఆరితేరిన చేయి కావలెను. అందువలన ఇది పెద్ద కేంద్రములలోనే లభించును.

ఇ.ఆర్.సి.పి. అను మరియొక పేరు కూడ పాఠకులు వినియుందురు. ఎండోస్కోపుద్వారా నాళద్వారములోనికి సన్నని గొట్టమును దూర్చి, మందు నింపి ఎక్స్‌రే తీయుట 1968లో అమెరికాలో మొదలైనది. ఒకప్పుడు నాళములను చూచుటకు ఇదియే మార్గము. కాని ఈ పరీక్షయే కొందరిలో క్లోమశోథమును కలిగించును. నొప్పించక నాళములను చూపు ఎం.ఆర్.సి.పి. వచ్చిన తరువాత దీనిని చూచుటకై చేయుట దాదాపు మానివేసి, అడ్డుపడిన రాయిని తీయుటకు, నాళమును వెడల్పుచేయుటకు, అనగా చికిత్సకు మాత్రమే వినియోగించుచున్నారు.

దీర్ఘశోథము విషయములో మన దేశమునకు ప్రత్యేకచరిత్ర కలదు. మద్యము ముట్టని యువకులలో, ఒక్కొక్కప్పుడు బాలురలో కూడ, క్లోమనాళమున పెద్ద రాళ్ళు పుట్టి, కొన్నియేండ్లకు మధుమేహము వచ్చు వ్యాధిని 1959లో ఇండోనీషియాలో జ్వీడెమా వర్ణించెను. కేరళమున గీవర్గీస్ అను వైద్యుడు ఇట్టివారిని పెద్దసంఖ్యలో పరిశీలించెను. చాలకాలము కర్రపెండలము తినుటయే దీనికి కారణమని అనుమానించిరి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులతో కలిసి 2002లో ప్రకటించిన పరిశోధన మరియొక దారి చూపినది. జీర్ణరసము లోపలనే మేల్కొనకుండ అడ్డుకొను ఒక జన్యువులోని మార్పు ఈ రోగులలో అధికముగా కనబడినది. 2008లో ప్రకటితమైన అఖిలభారత పరిశీలనలో 1,086 మంది దీర్ఘశోథ రోగులను లెక్కించగా, మద్యము కారణమైనవారు నూటికి సుమారు 39 మంది; కారణము తెలియనివారు సుమారు 60 మంది. కనుక క్లోమవ్యాధి అనగానే రోగిని త్రాగుబోతని నిందించుట అన్యాయము.

దీర్ఘశోథమున చిత్రముల వరుస మారును. రాళ్ళెక్కడ, ఎంత పరిమాణమున ఉన్నవో చూపుటలో సి.టి. మొదటిది. నాళము ఎక్కడ కుదించుకొని ఎక్కడ ఉబ్బియున్నదో చూపుటలో ఎం.ఆర్.సి.పి. మొదటిది. రెండును ఇంకను ఏమియు చూపని తొలిదశలో ఎండోస్కోపీ అల్ట్రాసౌండు మొదటిది. ఇక్కడ చిత్రము చికిత్సకు పటము వంటిది. నాళములోని రాళ్ళను వెలుపలినుండి పంపు తరంగఘాతములతో పొడిచేసి, పిదప ఎండోస్కోపుతో తీయు పద్ధతిని 1994లో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి స్థాపించిన పై హైదరాబాదు సంస్థవారు విరివిగా నడపి, వేయిమందికి పైబడిన రోగుల అనుభవమును 2010లో ప్రకటించిరి. రాయి నాళపు తలభాగమున నున్నదో తోకలో నున్నదో ముందుగా తెలియనిచో ఇట్టి చికిత్స ఎవరికి తగునో నిర్ణయింపజాలరు.

ఇప్పుడు ఇంటివారికి పనికివచ్చు వరుస చెప్పుకొందము. మరిపెడ ప్రాంతమున ఒక రైతుకు పై కడుపున నొప్పి పుట్టి వీపులోనికి పాకి, వాంతులతో ఆరు గంటలైనను తగ్గలేదనుకొందము. మొదట కావలసినది, ద్రవము ఎక్కించి, లైపేజు లేక అమైలేజు పరీక్షించి, గుండెనొప్పి కాదని ఇ.సి.జి.తో నిశ్చయింపగల దగ్గరి ఆసుపత్రి. పెద్దయంత్రమును వెదకుచు ఆ గంటలను దారిలో పోగొట్టరాదు. రెండవది, ఆ దినముననే లేక మరునాడు అల్ట్రాసౌండు. మూడవది, కాచి చూచుట. మూడు నాలుగు దినములలో నొప్పి తగ్గి, ఆకలి పుట్టి, జ్వరము లేకున్నచో సి.టి. అక్కరలేకయే పోవచ్చును. తగ్గకున్నను, జ్వరము, ఆయాసము, మూత్రము తగ్గుట కనబడినను, సి.టి.యు, అత్యవసర చికిత్సాసదుపాయమును కలిసియున్న చోటికి తరలింపవలెను. మహబూబాబాదున 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది. 1959లో స్థాపించిన కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైన వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి చిరకాలముగా ఈ ప్రాంతమునకు ఆధారము. ఎచటికి తరలించినను ఆయాసమున్న రోగికి ప్రాణవాయువుతో కూడిన వాహనము కావలెను. ఆరోగ్యశ్రీ పథకము వర్తించునో లేదో ఆసుపత్రిలో చేరునపుడే ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనుట మంచిది.

నాలుగవది, పాత పత్రములను, ఫిల్ములను, సి.డి.లను ఒక సంచిలో దినాంకముల వరుసగా దాచియుంచుట. క్రొత్త వైద్యునికి పాత చిత్రమును చూపినచో మరల తీయవలసిన పని తరచుగా తప్పును. పైగా వ్యాధి పెరుగుచున్నదో తగ్గుచున్నదో రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడే తెలియును. కామెర్లు కనబడినను, పిత్తనాళము ఉబ్బియున్నదని వ్రాసినను ఎం.ఆర్.సి.పి. కావలెనా అని అడుగవలెను. అన్ని పరీక్షలు అయినను కారణము తెలియనిచో ఎండోస్కోపీ అల్ట్రాసౌండు చేయు కేంద్రమునకు పోవుట అప్పుడు సార్థకము. అంతవరకు హైదరాబాదు ప్రయాణమునకు తొందరలేదు.

ఏ పరీక్షనైనను వ్రాసినపుడు ఇంటివారు వైద్యుని నమ్రతతో అడుగదగిన మాట యొకటి కలదు: “అయ్యా, దీనివలన మనకు క్రొత్తగా ఏమి తెలియును? తెలిసినచో చికిత్సలో ఏమి మారును?” మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు కోపపడడు. పిత్తాశయపు రాయి తెలియునని, చచ్చిన భాగమెంతో తెలియునని, నాళము మూసికొన్నదేమో తెలియునని చెప్పును. ఆ సమాధానము విన్నచో పరీక్షకై వెచ్చించు డబ్బు, ప్రయాణపు శ్రమ దేనికొరకో ఇంటిల్లిపాదికి అర్థమగును. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత మద్యమును, పొగత్రాగుటను పూర్తిగా మానుట, పిత్తాశయపు రాళ్ళున్నచో శస్త్రచికిత్సను వాయిదా వేయకుండుట, రక్తములో చక్కెరను అప్పుడప్పుడు చూపించుకొనుట రోగి వంతు. ఇవి ఏ యంత్రమును మనకు బదులు చేయజాలదు.